హగరి ఇసుక, బికనేర్ ఇసుక

మాది అనంతపురం జిల్లాలో హగరి ఒడ్డు ఊరు అంటే కోస్తా స్నేహితులు ముందు "హగరి అంటే ఏంటి?" అంటారు. వేదావతి అని చెబితే కొంతమంది తలూపుతారు. మా వైపు ఆ పేరు పాఠ్యపుస్తకంలోనూ వంతెన పక్కన బోర్డు మీదా కనిపించేదే గానీ, "వేదావతికి నీళ్లొచ్చినాయి" అని ఎవరైనా అనగా నేను వినలేదు. హగరికే నీళ్లొస్తాయి, అదీ వచ్చినప్పుడు. ఆ సంగతి తేలాక, "మా ఊరి పక్కన మిద్దెకంటే ఎత్తు ఇసుక దిబ్బలుండేవి" అన్నానా, ఇక నవ్వులే. వాళ్ల లెక్కలో ఇసుక దిబ్బ సముద్రం ఒడ్డునైనా ఉండాలి, రాజస్థాన్‌లో ఒంటె కాళ్ల కిందనైనా ఉండాలి. మా ఊరి నుంచి ఏ వైపు సముద్రానికి పోవాలన్నా దాదాపు మూడొందల కిలోమీటర్లు.

నమ్మకం కుదరనివాళ్లు జూన్, జులై నెలల్లో బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో ఒకసారి తిరిగి రండి. దర్గా హొన్నూరు, గోవిందవాడ పక్క చేలల్లో ఇసుక ఎట్లా మేట వేసిందో కళ్లారా చూడొచ్చు. పేపర్లవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, దిబ్బ మీద ఒక ముసలాయన్ని నిలబెట్టి ఫొటో తీసి, ఎడారి వచ్చేస్తోందని హెడ్డింగ్ పెట్టి పోతుంటారు. చదివితే నాకు కొంచెం చిరాకు. ఎడారి ఎక్కడి నుంచో నడిచొచ్చి మా మీద పడ్డట్టు రాస్తారు. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన మా జిల్లాదేనని ఒక ముక్క కలుపుతారు, దాంతో కథ అయిపోతుంది. వాన తక్కువన్నది నిజమే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. మా తాత చిన్నప్పుడూ అంతే పడేది. దిబ్బలూ ఆయన పుట్టకముందు నుంచే ఉన్నాయి. ఆయన కాలంలో అవి ఉన్నచోట ఉన్నాయి, మా నాయన కాలంలో చేలల్లోకి దిగాయి. పేపర్లో రాని భాగం ఇదే కాబట్టి నాకు గుర్తున్నంత రాస్తున్నాను.

హగరి పుట్టేది కర్ణాటకలో, బాబాబుడన్‌గిరి కొండల్లో. వేద, అవతి అని రెండు ఏర్లు కలిసి వేదావతి అవుతాయి. మైసూరు రాజుల కాలంలో, 1907లో, హిరియూరు దగ్గర పూర్తయిన వాణీవిలాస సాగర్ దాన్ని మొదట ఆపుతుంది. అక్కడ తప్పించుకున్న నీళ్లు మన రాష్ట్రంలోకి వస్తే, గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు పట్టుకుంటుంది. అదీ నిండి ఇంకా మిగిలితే మాకు. మా ఊరి దగ్గర నది అంటే కనుచూపు మేర తెల్లటి ఇసుక, నడుమ ఎప్పుడైనా ఒక సన్న పాయ. అక్కడి నుంచి ఉత్తరంగా బళ్లారి జిల్లాలోకి పోయి తుంగభద్రలో కలుస్తుంది.

అది ఉత్తరంగా పారడమే మా తిప్పలకు మూలం. జూన్‌లో మొదలయ్యే గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి కొడుతుంది. అప్పటికి నదిలో తడి ఉండదు, గడ్డి ఉండదు. అంత వెడల్పు ఇసుక గాలికి అడ్డంగా పడుకుని ఉంటే, గాలి దాన్ని లేపి తూర్పు గట్టు మీదికి ఎక్కిస్తుంది. మాది తూర్పు గట్టు. పడమటి గట్టువాళ్లు సంబంధాల మాటలకు వచ్చినప్పుడు "మీ ఊరికి పిల్లనిస్తే అన్నంతో పాటు ఇసుక కూడా తినాలి గదప్పా" అని ఎగతాళి పట్టించేవాళ్లు. అయినా పిల్లనిచ్చేవాళ్లు, అది వేరే సంగతి.

ఆషాఢం గాలి అంటే మా ఇళ్లలో ఒక సీజన్. మాది మట్టి మిద్దె. పైన చౌడు పరిచి, వెలుతురు కోసం నడుమ గవాచి వదిలేవాళ్లు. ఆ నెలంతా అవ్వ గవాచి మీద బండ మూయించి, బండ అంచుల్లో తడిగుడ్డ కూరేది. అయినా పొద్దున లేచి చూస్తే గడప లోపలి పక్క వేలెడెత్తు ఇసుక పేరుకుని ఉండేది, దాని మీద సన్నటి అలలు కూడా తేలి. రాగి సంగటి ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంటే పళ్ల కింద కరకర. "నమలొద్దురా, మింగు" అనేది అవ్వ. బడికి నడిచిపోతుంటే పిక్కలకు సూదులు గుచ్చినట్టుండేది. ముఖానికి దుమ్ము, పిక్కలకు ఇసుక. ఇది తేడా లేని మాట కాదు. దుమ్ము గాల్లో తేలుతుంది, ఇసుక రేణువు తేలలేదు. గాలి దాన్ని కొంచెం ఎత్తి ముందుకు విసురుతుంది, అది పడ్డచోట ఇంకో నాలుగు రేణువుల్ని లేపుతుంది. చాలా భాగం మోకాలి ఎత్తు కూడా దాటదు. అందుకే జానెడు గడ్డి ఉన్నా దాని పరుగు ఆగిపోతుంది. ఈ లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత జోధ్‌పూర్‌లో ఒక శాస్త్రవేత్త బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు గానీ, మా పిక్కలకు ముందే తెలుసు.

దిబ్బల సంగతికి వస్తాను. పడమటి వైపు వాలు మెల్లగా, అడుగు దిగకుండా గట్టిగా ఉండేది. తూర్పు వైపు ఏటవాలు, వదులు ఇసుక. ఆ వైపంతా మా పిల్లల రాజ్యం. తాటిమట్ట మీద కూర్చుని ఎన్నిసార్లు జారినా, మళ్లీ పైకెక్కి చూసేసరికి వాలు మునుపటంతే ఉండేది. ఎండిన ఇసుక 33, 34 డిగ్రీలకు మించి నిలబడదు, ఎంత తవ్వినా అక్కడికే వచ్చి ఆగుతుంది. దిబ్బ నెత్తిన వెంపలి చెట్లు, పక్కల జిల్లేడు, అడుగున తుంగ. నదికీ దిబ్బకీ మధ్య ఈతవనం. ఆ ఈతవనం ఒకరిది కాదు, ఊరిది. ఈతాకుతో చాపలు, చీపుర్లు, గంపలు. కాలం వచ్చినప్పుడు కల్లు. ఎండాకాలం నదిలో చెలిమ తీస్తే మోచేతి లోతులో నీళ్లు ఊరేవి. అమ్మ చిప్పతో తోడి, పైట కొంగుతో వడకట్టి బిందె నింపేది. బిందె నిండేలోపు ఇంకో చెలిమ దగ్గర ఇంకో కొట్లాట.

తాత చెప్పిన మాట ఒకటి గుర్తుంది. మేకలు దిబ్బ మీదికి ఎక్కుతున్నాయని ఎవరో అంటే, "ఇసుకను తొక్కితే ఏం కాదప్పా, గీకితేనే లేస్తాది" అన్నాడు. తాత పర్యావరణం గురించి ఆలోచించే మనిషేం కాదు. పొయ్యిలోకి కావాలంటే ఈత మొద్దు నరికిందీ ఆయనే. దిబ్బ మీద మడక కట్టకపోవడానికి కారణం చాలా మామూలుది. ఎద్దులు ఆ ఇసుకలో కాళ్లు దిగబడి ఈడ్చలేవు, విత్తిన జొన్న మొలిచినా నిలవదు, పైగా ఆయనకు దిగువన మంచి చేను ఉంది. అక్కర లేదు కాబట్టి ముట్టుకోలేదు. పాతకాలంవాళ్లు ప్రకృతిని గౌరవించారు అని ఇప్పుడు అందరం రాస్తుంటాం. మా ఊళ్లో నాకు కనిపించింది గౌరవం కంటే ఎక్కువగా చేతకానితనమే. దిబ్బను కాపాడింది మాత్రం అదే.

మధ్యలో ఒక ముచ్చట. నా చిన్నప్పుడు నాయన మమ్మల్ని మైసూరు వైపు యాత్రకు తీసుకుపోయాడు. మా సరిహద్దు ఊళ్లల్లో కన్నడం ఇంటి భాష లాంటిదే, కాబట్టి అక్కడ మాకు కొత్తేం లేదు. కావేరి ఒడ్డున తలకాడు చూశాం. గుళ్లు ఇసుకలో మునిగి ఉన్న ఊరది. అలమేలమ్మ అనే ఆవిడ "తలకాడు ఇసుక దిబ్బ అవుగాక" అని శపించి నదిలో దూకిందట, ఆ కథ మాకు ఒక పూజారి చెప్పాడు. అవ్వ దండం పెట్టుకుంది. నాయన చుట్టూ చూసి, "నది వంపు ఎటుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, పైన కట్ట ఎక్కడుంది?" అని ఆయన్ని అడగడం మొదలుపెట్టాడు. పూజారికి కోపం వచ్చింది. 14వ శతాబ్దంలో విజయనగర కాలం నాటి మాధవమంత్రి కావేరికి అడ్డంగా కట్టించిన ఆనకట్ట వల్ల దిగువన నది ఎండి, బయటపడ్డ ఇసుక గాలికి ఊరి మీదికి వచ్చిందని చరిత్ర చదివినవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి. నాయన చదివింది ఎనిమిదో తరగతి. హగరి ఒడ్డున పుట్టినందుకు ఆ అనుమానం ఆయనకు ఊరకే వచ్చింది.

ఇక మా ఊరి మార్పు. తుంగభద్ర డ్యాం 1953లో అయింది. దాని ఎగువ కాలువ, మేం హెచ్చెల్సీ అంటాం, మా మండలాల గుండానే పోతుంది. కాలువ కిందికి వచ్చిన భూములు ఒక్కసారిగా మడులైపోయాయి. సజ్జ, కొర్ర తినేవాళ్లు వరి పండించారు. చాలా మంచి జరిగింది, కాదనడానికి లేదు. మా మేనత్తల ఇళ్లల్లో మొదటిసారి రోజూ వరన్నం వండింది ఆ నీళ్లతోనే. అయితే మడులైన ఆ భూములే అంతకుముందు గొర్రెలూ మేకలూ మేసిన బీళ్లు. మందలన్నీ ఎక్కడికి పోతాయి? కాలువ ఎక్కని చోటికి, అంటే హగరి గట్టుకు. ఊరి పశువులకు తోడు పక్క ఊళ్లవీ వచ్చి చేరాయి. తుంగ మొలక పైకి తేలనిచ్చేవి కాదు.

అదే కాలంలో గట్టు పోరంబోకు భూములకు డి-పట్టాలిచ్చారు. భూమి లేని పేదలకు ఇచ్చారు, ఇవ్వవలసిందే. కానీ వాళ్లకు దక్కింది దిబ్బ అడుగు, ఈతవనం అంచు. పట్టా నిలవాలంటే సాగు చేసినట్టు చూపించాలి. చెట్లు కొట్టి గుంటక తోలారు. అప్పటికి జిల్లా అంతా వేరుశనగ మీద పిచ్చెక్కి ఉంది. వేరుశనగకు ఇసుక నేల భలే కుదురుతుంది, ఊడలు సులభంగా దిగుతాయి, కాయ శుభ్రంగా వస్తుంది. పీకేటప్పుడు మొక్కను వేర్లతో సహా లాగేస్తాం. జొన్న అయితే కోసినా మోడు ఉంటుంది, నేలను పట్టుకుంటుంది. వేరుశనగ పీకిన చేను బోడిగా, దున్నినంత వదులుగా మిగిలి ఆషాఢం దాకా అట్లాగే ఉంటుంది.

తర్వాత కరెంటు మోటార్లు. నదిలో బోర్లు వేసి, పైపులతో దూరాన ఉన్న చేలకు నీళ్లు తీసుకుపోయారు. తడి ఇసుక ఎగరదు. మోచేతి లోతులో ఉన్న చెలిమ నీళ్లు నిలువెత్తు లోతుకు, ఆపైన అందనంత లోతుకు పోయాక నది పైపొర ఎండాకాలం మొదట్లోనే పొడిబారిపోయేది. ఈతచెట్లకు ముందు మొవ్వు వాడింది. ఒక్కొక్కటే తలవాల్చి ఎండిపోయాయి. ఈత చాపలు అల్లే రెండిళ్లవాళ్లు బళ్లారికి కూలికి పోయారు.

అప్పుడు దిబ్బ కదిలింది. ఒక్క రాత్రిలో కాదు. చిన్నాయన చేను దిబ్బకు తూర్పున ఉండేది. మొదటి ఏడాది పడమటి గనిమ, అంటే చేని గట్టు, మునిగింది. నలుగురు మనుషులను పెట్టి తట్టలతో ఎత్తి పోసి గనిమను బయటికి తెచ్చుకున్నాడు. మరుసటేడు వేరుశనగ మొలకెత్తి నాలుగాకులు తొడిగిన సమయానికి మూడు రోజులు విపరీతంగా గాలి కొట్టింది. నాలుగో రోజు పొద్దున నేను ఆయన వెంట పోయాను. ఇసుక పడమటి సాళ్లను కప్పేసింది, అది మేం అనుకున్నదే. కప్పని సాళ్లల్లో మొలకలు నిలబడే ఉన్నాయి గానీ ఒక్కదానికీ ఆకు లేదు. రేణువులు తగిలి తగిలి ఆకులు చీలికలై, కాడ పడమటి వైపు చెక్కు లేచి తెల్లబడి ఉంది. తూర్పు వైపు పచ్చగానే ఉంది. చిన్నాయన ఒక మొలకను పీకి అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. మళ్లీ విత్తాడు, మళ్లీ అంతే. కొన్నేళ్లకు చేను మధ్యలో ఉన్న కపిల బావి, ఎద్దులతో నీళ్లు తోడేది, అదీ ఇసుకతో నిండింది. రాతి కట్టడం, మెట్లు, ఎద్దులు వెనక్కి నడిచే బాట, అన్నీ లోపలికి పోయి, వాటి మీద దిబ్బ వచ్చి కూర్చుంది. చిన్నాయన కణేకల్లులో కాఫీ హోటల్ పెట్టాడు. వ్యవసాయం కంటే అదే బాగుందనేవాడు, ఊరికే అనేవాడో నిజంగానో.

నాకు బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసే ఉద్యోగం వచ్చింది. ఎనభైల్లో ప్రమోషన్ ఇచ్చి బికనేర్ జిల్లాకు తోశారు. ఇంట్లో టెన్షన్, అవ్వ ఏడుపు. నాకు మాత్రం రైలు దిగి, ఊరు దాటి, మొదటి దిబ్బను చూడగానే ఇంటికి వచ్చినట్టయింది. అదే వాలు, అదే అలలు. కాకపోతే ఆ చివర కనిపించదు.

అక్కడివాళ్లు దిబ్బను ధోరా అంటారు, టిబ్బా అనీ అంటారు. నేను అనుకున్నట్టు బోడి ఇసుక కాదు. చాలా దిబ్బల మీద ఫోగ్ అనే పొద ఉండేది, ఆకులు లేనట్టే ఉండి కాడలతో బతికే మొక్క. సేవణ్ అనే గడ్డి దుబ్బులు. పొలాల్లో ఖేజ్డీ చెట్లు. ఖేజ్డీ అంటే మన జమ్మి. దసరాకు చెట్టుకు మొక్కి ఆకు పంచుకునే మనకు, అక్కడ దాని కాయలు కూర వండుకోవడం, ఆకు ఎండబెట్టి మేకలకు పెట్టడం వింతగా ఉండేది. రాజస్థాన్‌కు అది రాష్ట్ర వృక్షం, ఇప్పుడు తెలంగాణకూ అంతే. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్లో 1730లో ఆ చెట్లను రాజు మనుషులు నరకబోతే కౌగలించుకుని 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. ఆ ఊరికి పోయి వచ్చాను. మా ఈతవనం గుర్తొచ్చింది, దాని కోసం ఎవరం గొంతెత్తి కూడా అరవలేదు.

నా టేబుల్ మీదికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ ట్రాక్టర్లవే. రైతులను తప్పు పట్టడం సులభం, అక్కడ కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఆ ఇసుకలో వాన పడ్డాక విత్తే పదును కొన్ని రోజులే ఉంటుంది. ఒంటెతో దున్నితే ఆ కొన్ని రోజుల్లో కొంత చేనే అవుతుంది, మిగతాది బీడు. ట్రాక్టరైతే దిబ్బ నెత్తి దాకా బాజ్రా, మోఠ్, గ్వార్ చల్లేయొచ్చు. ఒకటి పండితే ఏడాది గడుస్తుంది. పాత పద్ధతిలో చేను మూడు నాలుగేళ్లు బీడు పెట్టేవాళ్లు, ఆ బీడులో గడ్డి, ఫోగ్ తిరిగి వచ్చేవి. ట్రాక్టరుకు కంతులు కట్టాలంటే బీడు పెట్టడం కుదరదు. ఒంటె లాగే నాగలి పైపైన గీకుతూ పొద అడ్డొస్తే పక్కకు తిరుగుతుంది. ట్రాక్టరు పళ్లేల నాగలి పొద మీదనుంచే పోయి వేరుతో పెకలిస్తుంది. పెకలించిన వేరును ఎండబెట్టి పొయ్యిలోకో బొగ్గుకో అమ్ముకుంటారు. జమ్మి మొలకలు కూడా అట్లాగే పోయేవి. ముసలి చెట్లు నిలబడి ఉన్నాయి గానీ వాటి కింద పిల్ల చెట్టు కనిపించేది కాదు.

1987 కరువు నేనక్కడుండగానే వచ్చింది. దున్నిన దిబ్బల మీద విత్తనం మొలవలేదు. మే, జూన్ ఆంధీలకు, అంటే ఇసుక గాలులకు, నెత్తి భాగమంతా లేచిపోయింది. ఊరి చుట్టూ, బావుల చుట్టూ, పశువులు తొక్కిన చోట్ల కొత్తగా చిన్న చిన్న నెలవంక దిబ్బలు పుట్టాయి. మనుషులు తక్కువగా తిరిగే దూరపు పాత దిబ్బలు మాత్రం పొదలతో అట్లాగే ఉన్నాయి. కొన్ని ఊళ్లకు ఓరణ్‌లు ఉండేవి, దేవుడి పేరు మీద వదిలిన మేత అడవులు. అక్కడ గొడ్డలి పెట్టకూడదు. కంచె ఉండదు, రాయి మీద దేవుడుంటాడు. ఓరణ్ లోపల నేల ఒక రకం, దాటిన మరు అడుగు ఇంకో రకం. అదే గాలి, అదే వాన. నేను ఫొటో తీసి నాయనకు పంపించాను. "మన దర్గా, మన ఆంజనేయస్వామి ఈతవనానికి దిక్కు కాలేకపోయినారు" అని జాబు రాశాడు.

లూణకరన్‌సర్ వైపు పోతే ఇందిరాగాంధీ కాలువ. 1958లో మొదలుపెట్టి, పంజాబ్‌లో హరికే దగ్గర నీళ్లు మళ్లించి, 649 కిలోమీటర్లు ఈడ్చుకొచ్చారు. దిబ్బలను యంత్రాలతో చదును చేసి గోధుమ పండించారు. నేను చూసినప్పుడు కాలువలో కూలీలు పారలతో ఇసుక ఎత్తిపోస్తున్నారు, గట్ల మీద అటవీ శాఖవాళ్లు ఇజ్రాయెల్ తుమ్మ నాటుతున్నారు. ఎగువన హనుమాన్‌గఢ్ దిక్కు కొన్ని చోట్ల నీళ్లు ఎక్కువై నేలలు ఊటబట్టిపోయాయి. దిగువన కాలువకు కొంచెం అవతల, నీళ్లు అందని చోట, మందలన్నీ చేరి గడ్డిని మొదలంటా మేస్తున్నాయి. ఆ బొమ్మ నాకు ఎక్కడ చూసిందో వెతుక్కోనక్కర్లేదు.

బ్యాంకువాళ్లు మమ్మల్ని జోధ్‌పూర్‌లో కాజ్రీకి శిక్షణకు పంపారు. మెట్ట ఎడారి నేలల మీద పరిశోధనకు 1959లో పెట్టిన సంస్థ అది. దిబ్బను నిలబెట్టడం అక్కడ నేర్పారు. ముందు పశువులు రాకుండా కంచె. తర్వాత స్థానికంగా దొరికే కంపను గాలికి అడ్డంగా, కొన్ని మీటర్లకొక వరస, నెత్తి నుంచి కిందికి నాటుతారు. కంప తల కిందికి, మొదలు పైకి. ఆ వరసల మధ్య ఇసుక నిదానిస్తుంది. వానలు పడగానే నర్సరీలో పెంచిన మొక్కలు, గడ్డి విత్తనం. కష్టమంతా మొదటి మాటలోనే ఉంది, కంచె. ఎవరి మేకలు ఎక్కడికి పోవాలి? దానికి బోర్డు మీద బొమ్మ లేదు.

తొంభైల్లో అనంతపురాన్ని కూడా కేంద్రం ఎడారి అభివృద్ధి పథకంలో చేర్చింది. అప్పటికి నేను తిరిగి వచ్చేశాను. మా గట్టు మీద మొక్కలు నాటారు, కొన్ని బతికాయి, చాలా పోయాయి. ఎవరూ నాటకుండా బతికింది సీమజాలి, మీరు సర్కారు తుమ్మ అంటారు. అందరూ దాన్ని తిడతారు, నీళ్లు తాగేస్తుందని, ముల్లు విరిగితే చీము పడుతుందని. తిట్లన్నీ నిజమే. అయినా నేను దాని పక్షమే మాట్లాడతాను. చిన్నాయన చేను అవతలికి దిబ్బ రాకుండా ఇన్నాళ్లు ఆపింది ఆ ముళ్ల కంపే. బొగ్గు బట్టీలవాళ్లు దాన్ని కొట్టుకుపోయిన ఏడాది దిబ్బ మళ్లీ నాలుగడుగులు ముందుకు జరిగింది.

ఇప్పుడు బేరం తిరగబడింది. మమ్మల్ని ముంచిన ఇసుకకు లారీ లెక్కన ధర. నదిలో రాత్రిపూట ట్రాక్టర్లు. నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, ట్రాక్టర్లూ ఉన్నాయి. నదిలో పైపొర ఎత్తేస్తే గాలికి లేచే ఇసుక తగ్గుతుందనుకుంటాం. నీళ్లు ఇంకా లోతుకు పోవడంతో మిగిలింది మరింత త్వరగా ఎండుతోంది. పట్టా భూముల్లో వేసిన మేటను ఎత్తుకోవడానికి అనుమతులు కూడా ఇస్తున్నారు. చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, అట్లా దిబ్బలో ఒక పక్క అమ్మాడు. జేసీబీ తవ్వుతుంటే కపిల బావి రాతి వరస బయటపడింది. నాకు వీడియో పంపాడు. మోకు ఒరుసుకుని గాడి పడిన రాయి కూడా చెక్కుచెదరలేదు.

2022లో వాణీవిలాస సాగర్ అలుగు పారింది, 1933 తర్వాత అదే మొదటిసారి. హగరికి మేమెవ్వరం చూడనన్ని నీళ్లు. మోటార్లు కొట్టుకుపోయాయి, గట్టు పక్క మడులు కోసుకుపోయాయి, నది నిండా కొత్త ఇసుక పరిచి పోయింది. ఆ ఏడు బోర్లన్నీ పొంగాయి. ఈతమొలకలు ఒకటీ అరా లేచాయని ఊళ్లో చెప్పుకున్నారు.

బావి పూడిక తీయించాలని తమ్ముడి పట్టుదల. పక్కన మిగిలిన దిబ్బను కంచె వేసి వదిలేస్తే గానీ బావి నిలవదని నేను. ఆ మిగిలినదానికే లారీవాళ్లు అడ్వాన్సు ఇస్తామంటున్నారు, మీ బికనేర్ కబుర్లు వాళ్లకు చెప్పండి అని మరదలు. కంచె వేస్తే మేకలవాళ్లతో గొడవ, వేయకపోతే ఆషాఢంతో గొడవ. వచ్చే నెల సర్వేయర్ వస్తాడట, హద్దు తేల్చడానికి. దిబ్బ కింద పోయిన హద్దురాయి దొరికితే గానీ అతను సంతకం పెట్టడు. అది చేను మునగకముందు చిన్నాయన నాటిన రాయి, ఎక్కడుందో గుర్తున్నది ఊళ్లో ఇప్పుడు నాకొక్కడికే, నేనూ ఈతచెట్టు గుర్తుతో చెప్పగలను తప్ప అడుగుల లెక్కతో చెప్పలేను.